కప్ప బండి మీద ఆఖరి డ్యూటీ

గుట్టల మీదికి, అడవి అంచులకు, మోటారు సైకిల్‌లా హ్యాండిలు పట్టి నడిపే నాలుగు చక్రాల బండ్ల మీద జనాన్ని తిప్పి చూపించే పని ఇప్పుడు చాలాచోట్ల వచ్చింది. ఆ పనిలో చేరిన కుర్రవాళ్లు అప్పుడప్పుడు జగిత్యాలలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "కాకా, నువ్వు గల్ఫ్‌ల గూడ గీ బండ్లు నడిపినవంట గదా, ఏమన్న చెప్పరాదు" అంటారు. నేను చెప్పేది ఒకటే. బండి కదలక ముందు టైర్లలో హవ, అదే గాలి, ఎంతుందో మీ చేత్తో మీరే చూసుకోండి. వాళ్లు మొహమొహాలు చూసుకుంటారు, ఈ ముక్క కోసమా ఇంత దూరం వచ్చింది అన్నట్టు. చాయ్ తాగి వెళ్లిపోతారు. వాళ్లు కూర్చుని వినని మిగతా కథ ఇది.

మాది కల్లు గీతకు తాళ్లెక్కే కుటుంబం. మా నాయన తన మోకును ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. చెట్టెక్కే తాడు కదా, దాని ముడి మీదే ప్రాణం ఉంటుంది. ఎవరి మోకు వాళ్లే చూసుకోవాలి, ఒకరి ముడిని ఇంకొకరు చెప్పకుండా వదులు చేయకూడదు అని ఆయన చిన్నప్పుడు నాకు నూరిపోశాడు. నేను చెట్టెక్కలేదు. గల్ఫ్‌కు పోయాను కాబట్టి ఆ మాట నాకు పనికిరాదనుకున్నాను.

గల్ఫ్‌లో పదకొండేళ్లు ఎడారి క్యాంపులో పనిచేశాను. టూరిస్టులను వరసగా బండ్లెక్కించి, ముందు నేను నడుస్తూ ఇసుక దిబ్బ మీదికి తీసుకుపోయి, పొద్దుగూకడం చూపించి తిరిగి తీసుకురావడం నా పని. ఇంటికి ఫోన్ చేసినప్పుడు డ్రైవర్ పని అని మాత్రమే చెప్పేవాడిని. ఊరికే పైకి పోయి ఊరికే దిగడానికి మనుషులు పైసలిస్తారంటే మా అమ్మ నమ్మే మనిషి కాదు.

నేను తిరిగి వచ్చేసరికి ఇక్కడ తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. కోరుట్లలో బట్టల దుకాణం నడిపే ఒక సేటు, ఏదో సముద్రం ఒడ్డున ఈ బండ్లు చూసి మనసు పారేసుకుని, మూడు పాత బండ్లు కొని తెచ్చాడు. కోరుట్ల నుంచి సిరిసిల్ల వైపు పోయే రోడ్డు పక్కన ఒక రాతి గుట్ట ఉంది. దాని కింద భూమి సేటుదే. గుట్ట మీద సాపు బండ ఒకటుంది. అక్కడ నిలబడితే చెరువు, వరి మళ్లు, పసుపు చేన్లు, వాటి నడుమ నల్లగా మెలికలు తిరుగుతూ కోరుట్ల దాకా పోయే రోడ్డు కనిపిస్తాయి. కింద నుంచి బండ దాకా బండి మీద పావుగంట కూడా పట్టదు. ముందు నేను ఒక బండి మీద, వెనక వచ్చినవాళ్లు రెండు బండ్ల మీద. ఎగిరెగిరి పడుతూ పోతాయని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటికి కప్ప బండ్లు అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచింది.

నాతోపాటు పనిచేసిన మెకానిక్కుది సిరిసిల్ల. అక్కడ కరెంటు మగ్గాన్ని సాంచ అంటారు. ఇరవై ఏళ్లు సాంచలు బాగు చేసి, చెవులు పాడవుతున్నాయని ఈ పనికి వచ్చాడు. చెవులు పాడైనా ఇంజను సొద నాకంటే ముందు అతనికే వినిపించేది. మాట తక్కువ, పని ఎక్కువ. పొద్దున్నే మూడు బండ్లకూ గేజి పెట్టి హవ కొలిచి, బొటనవేలితో ఒత్తి చూసి, ఆ తర్వాతే బీడీ ముట్టించేవాడు.

మా ఇద్దరికీ తగాదా ఆ హవ దగ్గరే. ఎడారిలో టైరు మెత్తగా ఉండాలి. గాలి సగం వదిలేస్తే అది ఇసుక మీద పరుచుకుని దిగబడకుండా పోతుంది. పదకొండేళ్లు చేసిన అలవాటు, అదే అసలు విద్య అని నా నమ్మకం. మెకానిక్కు ఒప్పుకునేవాడు కాదు.

"అన్నా, గాడ ఇసుక. గీడ రాయి. మెత్తటి టైరును రాయి పట్టి గుంజుతది. రిమ్ముకెల్లి ఊడొస్తది" అనేవాడు.

"నువ్వెన్నడు ఎడారి మొఖం చూసినవు?" అనేవాడిని నేను.

"గుట్ట మొఖమైతే రోజు చూస్తున్న గదా" అనేవాడు. సేటు అతని మాటే ఖాయం చేశాడు. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషిని, సాంచల మెకానిక్కు ముందు చులకనైపోయానని నాకు కడుపులో మంట. దాచుకోవడం ఎందుకు, మంటే.

అలా ఉండగా సమ్మె వచ్చింది. ఆఫీసులు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లోనే నిలిచిపోయాయి. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటలు, టెంట్ల కింద దీక్షలు. నేను జగిత్యాల నుంచి కోరుట్లకు ఆటోలు మారి మారి వచ్చేవాడిని. బంద్ పిలుపు ఉన్న రోజు మేమూ మూసేవాళ్లం. మిగతా రోజుల్లో మాత్రం, చెప్పుకుంటే బాగుండదు గానీ, గిరాకీ పెరిగింది. పిల్లలకు బడి లేదు, పంతుళ్లకు డ్యూటీ లేదు. మెకానిక్కు బండ్ల ముందు జై తెలంగాణ అని రంగుతో రాశాడు. ఆ రాత చూసి మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు.

నెలాఖరు రోజున సిరిసిల్ల నుంచి నాలుగు మోటారు సైకిళ్ల మీద ఏడెనిమిది మంది వచ్చారు. అందరూ సమ్మెలో ఉన్న బస్సు ఉద్యోగులే. వాళ్ల నడుమ ఒక పెద్దమనిషి, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాతో ఉన్నాడు. సమ్మెలో ఖాకీ వేసుకున్నవాడు ఆయనొక్కడే. పక్కన ఆయన భార్య, చేతిలో టిఫిన్ గిన్నెలు. గుంపులోని కండక్టరు నా దగ్గరికి వచ్చాడు.

"ఇయ్యాల మా డ్రైవరన్న రిటైర్మెంట్. ముప్పై ఏండ్ల సర్వీసు, ఒక్క యాక్సిడెంట్ లేదు. కుక్కపిల్ల గూడ చక్రం కింద వడలే. బస్సులేమో డిపోల పండినయి. ఆఖరి ట్రిప్పు లేకుంట అన్నను ఇంటికెట్ల తోలాలె చెప్పు. గందుకే నీ కాడికి తెచ్చినం" అన్నాడు.

వాళ్లలో ఒక ఆచారం ఉంది. రిటైరయ్యే రోజు డ్రైవరు ఆఖరి ట్రిప్పుకు బస్సుకు పూలదండ కడతారు, కొబ్బరికాయ కొడతారు, ఇంటివాళ్లను ముందు సీట్లో కూర్చోబెడతారు. ఈ డ్రైవరు ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా తన డ్యూటీ బస్సులో భార్యను ఎక్కనివ్వలేదు. ఇంటివాళ్లు ఎక్కితే చూపు రోడ్డు మీద ఉండదు, అద్దం మీదికి పోతుంది అని ఆయన నియమం. ఆఖరి ట్రిప్పుకు ఎక్కిస్తానని మాటిచ్చాడు. ఆమె ఆ రోజు కోసం చూస్తూ వచ్చింది, తీరా ఆ రోజు వచ్చేసరికి బస్సే లేదు. సమ్మెను ఆయన ఒక్క మాట అనలేదు. తెలంగాణ రావాలని మిగతావాళ్లందరికంటే ఎక్కువ ఆయనకే ఉంది. కానీ చివరి ఏడేళ్లు ఆయన నడిపింది మా గుట్ట పక్క రోడ్డు మీదే. రోజూ అద్దంలోంచి ఈ కప్ప బండ్లను చూసేవాడట. అందుకే కండక్టరుకు ఈ ఆలోచన వచ్చింది.

కండక్టరు సంచిలోంచి బంతిపూల దండ తీసి రెండో బండి హ్యాండిలుకు కట్టాడు. భార్యను ఆయన వెనకే కూర్చోబెట్టమన్నాడు. మా దగ్గర వెనక మనిషిని కూర్చోబెట్టుకుని నడిపే అధికారం నాకు ఒక్కడికే ఉండేది. ఆ సంగతి చెప్పాను. డ్రైవరు వెంటనే తలూపాడు.

"నీ రూల్ నీకుంటది తమ్మీ. ఆమె నీ వెనక కూసుంటది తియ్" అన్నాడు.

ఆమె గిన్నెల మూతలు సర్దుకుంటూ నిలబడింది. నాకు జాలేసింది. రూలు పక్కన పెట్టి, ఆమెను ఆయన వెనకే ఎక్కమన్నాను. అది తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. తప్పు అంతకు గంట ముందే చేసి ఉన్నాను.

ముందురోజు వాన పడింది. మొదటి మలుపు దగ్గర మొరం కొట్టుకొచ్చి ఇసుకలా పరుచుకుని ఉంది. పొద్దున నా బండి అందులో కొంచెం దిగబడింది. నాకు ఎడారి గుర్తొచ్చింది. మెకానిక్కు అటు పెట్రోలు డబ్బా కోసం పోయిన సందు చూసి, మూడు బండ్లకూ సగం హవ వదిలేశాను. చెబితే వాదిస్తాడని చెప్పలేదు. మళ్లీ పోయి చూస్తే బండి ఆ మొరం మీద వెన్న మీద పోయినట్టు పోయింది. ఎవరికి తెలుసు విద్య అని లోపల్లోపల మురిసిపోయాను.

డ్రైవరు సాపు నేల మీద రెండు చుట్లు తిరిగి బండి అలవాటు చేసుకున్నాడు. బ్రేకులు పట్టి చూశాడు. దిగి చుట్టూ ఒకసారి నడిచాడు. నన్ను చూసి, "హవ జూసినవా తమ్మీ?" అన్నాడు.

"చూసిన అన్నా" అన్నాను.

ముందు నేను, వెనక వాళ్లిద్దరు, చివర కండక్టరు బయలుదేరాం. కింద మిగిలినవాళ్లు కొబ్బరికాయ కొట్టి నినాదాలిచ్చారు. మొదటి మలుపు మెత్తగా దాటాం. రెండోది దాటాం. మూడోది ఏటవాలు బండ మీద ఉంటుంది. అక్కడ వెనక ఫట్ మని చప్పుడైంది. తిరిగి చూసేసరికి వాళ్ల బండి ముందు ఎడమ టైరు రిమ్ము నుంచి ఊడి, బండి పక్కకు ఒరిగి రాతికి ఆనుకుని ఉంది. ఆమె కింద కూర్చుని చేయి పట్టుకుని ఉంది. డ్రైవరు ముందు తాళం తిప్పి ఇంజను ఆపాడు, ఆ తర్వాతే ఆమె దగ్గరికి వంగాడు. ముప్పై ఏళ్ల అలవాటు. ఖాకీ చొక్కా మోచేతి దగ్గర చిరిగింది. దండ తెగి పూలు బండ మీద పడ్డాయి.

ఆమె మణికట్టు బెణికింది. అంతకు మించి ఏమీ కాలేదు. మెకానిక్కు కింద నుంచి ఉరికొచ్చి ముందు ఆమెకు నీళ్లిచ్చాడు. తర్వాత బండి దగ్గర కూర్చుని, బాగున్న మూడు టైర్లనూ బొటనవేలితో ఒక్కొక్కటే ఒత్తాడు. తల ఎత్తి నన్ను చూశాడు.

నిజం చెప్పాల్సింది నేను. అందరూ నా వైపే చూస్తున్నారు. నా నోట్లోంచి వచ్చింది ఇది: "కొత్త బండి గదా, బస్సు అలవాటు వేరే ఉంటది. బరువు ఓ దిక్కు వడ్డట్టున్నది."

"బండి చేతుల వట్టినోనిదే బాధ్యత. ఇంకోల మీద ఏసుడేంది" అన్నాడు డ్రైవరు. నన్నే అన్నాడేమో అనిపించింది. కాదు, నిజంగానే తన తప్పు అనుకుని అన్నాడు.

అందరం నడిచి దిగాం. కింద చెట్టు నీడన ఆమె తెచ్చిన పులిహోర, లడ్డూలు తిన్నారు. "ఉన్న దిష్టి పోయింది తియ్ అన్నా" అని కండక్టరు నవ్వించబోయాడు. డ్రైవరు నవ్వలేదు. నా చేతిలోనూ ఒక లడ్డూ పెట్టారు. అది తినలేక, పారేయలేక, జేబులో వేసుకున్నాను.

మూడు రోజులు మెకానిక్కు పని మాటలు తప్ప నాతో ఏమీ మాట్లాడలేదు. నాలుగో రోజు గేజి తుడుస్తూ అన్నాడు.

"నేను పెట్టిన హవ నాకెరుక అన్నా. గా డ్రైవరన్న మా వాడకట్టే. దీక్ష శిబిరంల కూసుంటున్నడు. నేనైతే చెప్పలే. నువ్వే చెప్తవని చూస్తున్న."

కోపంగా అని ఉంటే నేనూ ఎదురు తిరిగి ఉండేవాడిని. అతను అలా నమ్మకంగా అనేసరికి సిగ్గేసింది. నాయన మోకు గుర్తొచ్చింది. ఇంకొకరి ముడి వదులు చేసి, ఎక్కేవాడు అడిగితే చూశానని చెప్పినవాడిని నేను.

మరునాడు మెకానిక్కు మోపెడ్ మీద సిరిసిల్ల పోయాను. రోడ్డు పక్క టెంటు కింద బస్సు ఉద్యోగులు మెడలో దండలతో దీక్షలో కూర్చున్నారు. డ్రైవరు కూడా ఉన్నాడు, రిటైరయ్యాక కూడా. ఆయన పక్కకు పోయి చెవిలో చెబుదామని నా లెక్క. కానీ ఆ రోజుల్లో శిబిరానికి కొత్త మనిషి వస్తే సంఘీభావం చెప్పడానికి వచ్చాడనే లెక్క. నేను చెప్పులు విడిచానో లేదో, కండక్టరు నన్ను గుర్తుపట్టి, "గుట్ట కాడి అన్న మాట్లాడుతడు" అని మైకు నా చేతిలో పెట్టేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

మైకు పట్టుకుని చెప్పాను. "నేను మాట్లాడనీకె రాలే. ఆ దినం డ్రైవరన్న బండి వడ్డది గదా, తప్పు అన్నది గాదు. టైర్ల హవ నేను దీసిన. అన్న అడిగితే చూసిన అని చెప్పిన. తప్పు నాది." రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి విన్నారు. మైకు అందుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

డ్రైవరు కూర్చున్నచోటే కూర్చుని అడిగాడు. "ఎంత దీసినవ్?"

"సగం."

"ఎందుకట్ల?"

"అలవాటు అన్నా. గల్ఫ్ అలవాటు."

ఆయన మెడలో దండ సర్దుకున్నాడు. కండక్టరు లేచి, అన్న సర్వీసులో ఇప్పటికీ ఒక్క యాక్సిడెంట్ లేదని మైకులో గట్టిగా చెప్పాడు. మళ్లీ చప్పట్లు. నాకు తేలికైంది. పని అయిపోయిందనుకుని చెప్పులేసుకుంటుంటే డ్రైవరు దగ్గరికి పిలిచాడు.

"నాకు చెప్పినవ్, మంచిగున్నది. ఆమెకు జెప్పినవా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"బరువు ఓ దిక్కు వడ్డదంటివి గదా. నేనే ఒరిగిన, నా మూలంగనే ఆయనకు మచ్చచ్చింది అని కుములుతున్నది. నేను చెప్తె ఇంటలేదు. ఇంటికి పోయి నువ్వు చెప్పు."

నిజం చెబుతున్నాను, మైకు ముందు పడని భయం ఆ ఇంటి గడప దగ్గర పడింది. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. మణికట్టుకు కట్టు. పక్కన చాటలో కత్తిరించిన బీడీ ఆకు ఎండిపోయి ఉంది. చేయి పని చేయక చుట్టలేకపోయింది. నేను నిలబడే అంతా చెప్పాను. చేతులు జోడించాను.

ఆమె చాటను పక్కకు జరిపింది. "రాయి రాంగనె నేను ఆయన నడుము వట్టుకొని ఒరిగిన. గందుకే అనుకున్న. నువ్వు గూడ గట్లనే అంటివి" అంది. తర్వాత కళ్లు తుడుచుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"పైకెల్లి ఆయన బస్సు తోలిన రోడ్డు కనవడ్తదా?" అని అడిగింది.

"కోరుట్ల దాక కనవడ్తది వదినా."

"గట్లయితె నాకు గది చూడాలె. చెయ్యి మానినంక వస్త."

చెయ్యి మానేసరికి సమ్మె ఆగింది, బస్సులు రోడ్డెక్కాయి. ఇద్దరూ బస్సులోనే వచ్చి గుట్ట దగ్గర దిగారు. మెకానిక్కు గేజి తీసుకొచ్చి నాకివ్వలేదు, డ్రైవరు చేతికిచ్చాడు. ఆయన గొంతుక్కూర్చుని నాలుగు టైర్లూ కొలిచాడు. నేను నా బండిని పక్కకు తీసి, "నువ్వు ముందు నడువు అన్నా" అన్నాను. పదకొండేళ్లు అక్కడ, నాలుగేళ్లు ఇక్కడ, నా ముందు ఇంకొకరు నడిచింది ఆ ఒక్కరోజే. మూడో మలుపు దగ్గర ఆయన బండి నెమ్మది చేశాడు. ఆమె రెండు చేతులతో ఆయన నడుము పట్టుకుంది. దాటారు.

పైన ఆమె చెరువును చూడలేదు, పసుపు చేన్లను చూడలేదు. రోడ్డునే చూసింది. కాసేపటికి చెరువు కట్ట మలుపులోంచి ఒక బస్సు వచ్చింది. సిరిసిల్ల నుంచి కోరుట్ల పోయేది, ఆయన ఏడేళ్లు నడిపిన సర్వీసే. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు.

"ఐదు నిమిషాలు లేటున్నడు" అన్నాడు.

"నిన్న మొన్ననే సమ్మెకెల్లి లేసిన బండి. జర ఓపిక వట్టు" అంది ఆమె.

ఆ బస్సు కోరుట్ల వైపు తిరిగి కనిపించకుండా పోయేదాకా ఇద్దరూ నిలబడే ఉన్నారు. దిగడానికి ముందు ఆయన తన బండి చుట్టూ తిరిగి టైర్లు నాలుగూ ఒత్తి చూశాడు. తర్వాత నా బండి దగ్గరికి వచ్చాడు. నేను అప్పటికే ఎక్కి కూర్చున్నాను. వంగి, నా టైర్లు కూడా ఒక్కొక్కటే ఒత్తి, చేతులు దులుపుకున్నాడు.

"చూసిన తమ్మీ. నడువు" అన్నాడు.